రాని ట్రామ్‌కి ఒక స్టాపు

ఆ ఏడు మా నది మీద మంచు మే పన్నెండున పగిలింది. మా నదిలో నీళ్లే ఉండవు, ఇక మంచెక్కడిది. ఎండ తొలిసారి నూరు డిగ్రీలు దాటిన రోజుని మా ఎడారి ఊరు టూసాన్‌లో అలా అంటాం, అంతే. జ్వరం కొలిచే డిగ్రీలే అవి. అంటే ఆ రోజు నుంచి అక్టోబరు దాకా ఊరంతటికీ ఒకేసారి జ్వరం. సరిగ్గా ఆ వారమే నగరంవాళ్లు మా పేటకి ట్రామ్ వెయ్యమంటారా, వద్దంటారా అని అడిగారు. చలికాలంలో అడిగుంటే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఎండలో అడిగేసరికి అందరికీ తలకెక్కింది.

కావాలనేవాళ్లు ట్రామ్ వస్తే ఊరు పది డిగ్రీలు చల్లబడుతుందన్నారు. ఎలాగని అడిగితే, రానివ్వండి మీకే తెలుస్తుందన్నారు. వద్దనేవాళ్లు పట్టాలు ఎండకి సాగీ సాగీ జూలై కల్లా సరిహద్దు దాటి మెక్సికోలోకి పోతాయనీ, తిరిగి రావాలంటే వాటికి కాయితాలెవరిస్తారనీ అడిగారు. మంగలి షాపులో ఇద్దరు అన్నదమ్ములు చెరో పక్షం. నా తల మీద ఒకడు కత్తెర ఆడిస్తూ ఉండగా రెండోవాడు మాట అందుకున్నాడు. వాదన తెగేదాకా ఇద్దరూ పని మానేశారు. నేను మూడు రోజులు సగం క్రాఫుతో తిరిగాను.

మా అమ్మమ్మ డెల్ఫీనా మాత్రం మొదటి రోజే తేల్చేసింది. ట్రామ్ రావాలి. ఆవిడకి ఊరు చల్లబడటంతో పని లేదు. గురువారం ఆఖరి ఆటతో పని.

అదేంటో చెప్పాలంటే ముందు జెముడు సంగతి చెప్పాలి. అంతకు పధ్నాలుగు నెలల కిందట అమ్మమ్మ తన కారుతో ఒక సగువారో జెముడుని గుద్దింది. నూటయాభై ఏళ్లది, రెండంతస్తుల ఎత్తు, కొమ్మలు పైకెత్తిన చేతుల్లా ఉంటాయి. జెముడుకి ఏమీ కాలేదు. కారు తుక్కుకింద పోయింది. జెముడే చేతులెత్తుకుని రోడ్డు దాటుతోందని ఆవిడ పోలీసాయనకి చెప్పింది. ఆయన రాసుకున్నాడు కూడా. తరవాత కంటి పరీక్షకి పిలిచారు. గోడ మీద అక్షరాలు చదవమంటే డాక్టరు చొక్కా మీదున్న పేరు చదివింది. లైసెన్సు తీసేసుకున్నారు.

డెబ్బై నాలుగేళ్ల మనిషికి మా ఊళ్లో కారు లేకపోతే ఇల్లే జైలు. బస్సు లేదా అంటారేమో. ఉంది. గంటకొకటి. బస్టాపంటే ఒక ఇనప కడ్డీ, దాని నీడ రెండంగుళాల వెడల్పు. అందుకని మా పేటలో సన్నటివాళ్లు మాత్రమే బస్సెక్కుతారు. అదీ సాయంత్రం ఆరు దాటితే రాదు.

ప్రతి గురువారం నాలుగింటికి యూనివర్సిటీ అవతల ఒక హాల్లో పెద్దవాళ్లంతా చేరి లొతెరియా ఆడతారు. ఒకాయన పేక ముక్క తీసి మీద ఉన్న బొమ్మ పేరు అరుస్తాడు, కోడిపుంజనో, చందమామనో. అందరూ తమ అట్టలో ఆ బొమ్మ ఉంటే దాని మీద చిక్కుడుగింజ పెడతారు. వరస నిండినవాళ్లు గెలిచినట్టు. రాత్రి ఎనిమిదింటికి ఆఖరి ఆట. దాంట్లో గెలిస్తే మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలేలు కుండెడు, ఇంకో గురువారం దాకా తలెత్తుకుని తిరిగే హక్కు. లైసెన్సు పోయాక అమ్మమ్మ ఒక్క ఆఖరి ఆట కూడా ఆడలేదు. కారణం డాన్ ఎవరిస్తో.

డాన్ ఎవరిస్తో ఇస్లాస్‌కి మా వీధిలోనే టైర్ల షాపు ఉంది. డాన్ అంటే మా దగ్గర 'గారు' లాంటిది. మా అమ్మ పుట్టినప్పుడు చర్చిలో ఎత్తుకుని జ్ఞానస్నానం చేయించింది ఆయనే. ఆ వరసన ఆయనా మా అమ్మమ్మా కొంపాద్రె, కొమాద్రె. ఆ వరసవాళ్లు ఎంత తిట్టుకున్నా 'మీరు' అనే తిట్టుకోవాలి. జెముడు వ్యవహారం అయిన దగ్గర్నుంచి ప్రతి గురువారం అమ్మమ్మ ఫోన్ చేసి అడగడం, ఆయన తన పాత ట్రక్కులో తీసుకెళ్లడం. ఎప్పుడూ కాదనలేదు. కానీ ఆ ట్రక్కుకి ముందు ఒకటే లైటు. రెండోది పోయి పదకొండేళ్లయింది. ఊళ్లో అందరి బళ్లూ బాగుచేసే మనిషి, తన బండి మీద చెయ్యి వెయ్యడు. ఒంటి లైటుతో చీకట్లో నడిపితే ఎదుటివాడు మోటారు సైకిలనుకుని మీదకొస్తాడని ఆయన భయం. కాబట్టి పొద్దువాలేలోపు ఇంటికి చేరాలి. ఎండాకాలం ఏడు కాగానే, చలికాలమైతే ఐదుకే, హాలు బయట హారన్ మోగుతుంది. అమ్మమ్మ అట్ట మీద గింజలు అలాగే వదిలేసి లేస్తుంది.

ఆ డాన్ ఎవరిస్తోయే ట్రామ్ వద్దనే పక్షానికి నాయకుడు. పట్టాలు టైర్లని కోసేస్తాయని ఆయన వాదన. టైర్లు కోసుకుపోతే బాగుపడేది ఆయనే కదా అని ఎవరూ అడగలేదు. ట్రామ్ వస్తే గురువారాలు ఆయన ట్రక్కులో రెండో సీటు ఖాళీ అయిపోతుందని ఊరంతటికీ తెలుసు. తెలియనిది ఇద్దరికే, ఆయనకీ, ఆ సీట్లో కూర్చునే ఆవిడకీ.

నా పేరు చెమా, బోర్డులు రాస్తాను. పేటలో కొట్ల మీద కనిపించే ప్రతి అక్షరం నాదే, డాన్ ఎవరిస్తో షాపు మీదవి కూడా. జూన్ మొదట్లో ఒక బుధవారం తెల్లారకుండా లేచి, సరిగ్గా ఆయన షాపు ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో నాలుగు రాటలు పాతి, పైన నేను రంగులేసేటప్పుడు కింద పరిచే పెద్ద పరదా కట్టాను. కింద ఒక బల్ల వేశాను. పక్కన పచ్చరంగు బోర్డు నిలబెట్టాను. 'ట్రామ్ స్టాపు. ఇక్కడ ఎక్కండి.' ఆయన రోజూ పొద్దున్నే చూసి ఉడుక్కోవాలని, అంతకు మించి నాకే దురుద్దేశమూ లేదు.

ఒక్క సంగతి మర్చిపోయాను. మా ఊరివాళ్లు కారు కొట్టుకి దగ్గరగా ఆపరు, చెట్టుకి దగ్గరగా ఆపుతారు. బండి మెస్కీట్ చెట్టు కిందుంటే చాలు, పాలడబ్బా కోసం అరమైలు నడుస్తారు. ఇంత పెద్ద నీడ కనబడితే అది ఎవరిదీ, ఎందుకు పెట్టారూ అని ఎవరూ అడగరు. అడిగితే తీసేస్తారేమోనని.

పదింటికి నలుగురు కూర్చున్నారు. పదకొండింటికి పన్నెండుమంది. మధ్యాహ్నానికి నూటెనిమిది డిగ్రీలైంది, బల్ల చాలక ఇళ్ల నుంచి కుర్చీలు తెచ్చుకున్నారు. ఒకావిడ పుచ్చకాయ కోసి పంచింది. కొత్తగా వచ్చినవాళ్లు బోర్డు చూసి ట్రామ్ ఎప్పుడొస్తుందని అడిగారు. ఊరికే కూర్చున్నాం అనడానికి మొహమాటం కదా, పుచ్చకాయావిడ, ఇందాకే ఒకటి పోయిందనీ, మరీ కిటకిటలాడుతుంటే తను ఎక్కలేదనీ చెప్పింది. పక్కనున్నాయన అవునవును, తనూ చూశానన్నాడు. రెండు దాటేసరికి, ఈమధ్య ట్రామ్‌లు ఆలస్యంగా వస్తున్నాయని అక్కడ గట్టిగా విసుక్కునేవాళ్లు ఏడుగురు తేలారు. రోడ్డు మీద పట్టాలు లేవన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఎత్తినవాడు డాన్ ఎవరిస్తో ఒక్కడే. పొద్దుట్నించి షాపులోంచి చూస్తూనే ఉన్నాడు. ఇక ఆగలేక చేతిలో స్పానరుతోనే రోడ్డు దాటి వచ్చాడు.

"పట్టాలేవండీ?" అన్నాడు.

"అవి వెనకాల వేస్తారు," అంది పుచ్చకాయావిడ. "మీరు ఎండలో నిలబడ్డారు, లోపలికి రండి."

ఆయన ఎండలోనే నిలబడి వాదించాడు. రెండో మాటకి ఒక కాలు నీడలో పడింది. నాలుగో మాటకి రెండో కాలు. పొద్దు జరిగేకొద్దీ నీడా జరిగింది, నీడతోపాటు ఆయనా జరిగాడు. మూడున్నరకి మా పేట వారపత్రికవాళ్ల అబ్బాయి కెమెరాతో వచ్చేసరికి డాన్ ఎవరిస్తో బల్ల నడిమధ్యన కూర్చుని, ఒళ్లో పుచ్చకాయ ముక్కతో, ట్రామ్ వల్ల వచ్చే అనర్థాలు చెబుతున్నాడు. శుక్రవారం పత్రికలో ఆ ఫొటోయే వేశారు. కింద ఒక్క ముక్క రాశారు: 'ట్రామ్ కోసం ఎదురుచూస్తున్న శ్రీ ఇస్లాస్.'

ఆయన పత్రిక చంకలో పెట్టుకుని నేరుగా నా దగ్గరికొచ్చాడు. తన షాపు మీది అక్షరాలనీ, స్టాపు మీది అక్షరాలనీ ఫొటోలో పక్కపక్కనే చూపించాడు. తప్పించుకునే దారి లేదు. కోపమొస్తే పడగొట్టెయ్యండి, నేనేమీ అనుకోను అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "నీడని పడగొట్టేవాడు ఎవడ్రా, చెమా?" అన్నాడు.

స్టాపు అలాగే ఉండిపోయింది.

నెలాఖరున బడి భోజనాల హాల్లో పేటవాళ్ల సమావేశం పెట్టారు. అక్కడ ఏది తేలితే అది నగరానికి పంపుతారు. పటాలు పట్టుకుని ఉత్తరాదినుంచి ఒక ఇంజినీరు వచ్చాడు, పేరు ఓల్సెన్. ఏడాదికి తొమ్మిది నెలలు వాన కురిసే ఊరాయనది. మంచివాడు, చెమటకి చొక్కా ఒంటికంటుకుపోయినా టై విప్పలేదు. తెర మీద మాకు రాబోయే స్టాపు బొమ్మ చూపించాడు. చాలా అందంగా ఉంది. గాజు గోడలు. గాజు కప్పు.

అమ్మమ్మ మర్యాదగా చెయ్యెత్తింది.

"బాబూ, ఇందులో రొట్టె పెడితే ఎంతసేపట్లో తియ్యాలి?"

ఇంజినీరు పుస్తకంలో రాసుకున్నాడు. తరవాత కప్పు కొట్టేసి చెట్టు బొమ్మ వేశాడు.

అప్పుడు ఓటింగు. అధ్యక్షుడిగా కూర్చున్న బడి మేష్టారు, ట్రామ్ కావాలనేవాళ్లు కుడివైపూ, వద్దనేవాళ్లు ఎడమవైపూ కూర్చుంటే లెక్క తేలిగ్గా తేలుతుందన్నాడు. అందరూ లేచి సర్దుకున్నారు. లెక్కపెడితే కుడివైపు ఇరవై ఆరుగురు, ఎడమవైపు తొంభై ఒక్కమంది. స్టాపులో పుచ్చకాయ కోసినావిడ కూడా ఎడమవైపే. అమ్మమ్మ కుడివైపు ముందు కుర్చీలో చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని తలవంచుకుంది. ఇన్నాళ్లూ నాకదంతా ఆటే.

డాన్ ఎవరిస్తో లేచాడు. గెలిచాడు కాబట్టి మెల్లగా మాట్లాడాడు. ఆ స్టాపులో కూర్చున్నవాళ్లని చూసి మోసపోవద్దన్నాడు. వాళ్లలో ఒక్కడు కూడా ట్రామ్ కోసం కూర్చోలేదు, నీడ కోసం కూర్చున్నారన్నాడు. నిజమే అన్నాడు మేష్టారు. నిజమే అనుకున్నాను నేను కూడా.

"నిజమే, కొంపాద్రె," అంది అమ్మమ్మ, తల ఎత్తి. "మరి మీ వైపున్నవాళ్లు ఎందుకు కూర్చున్నారు?"

ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ వేలు పైకి చూపించింది. హాలు ఎడమ గోడకి, సరిగ్గా ఆ తొంభై ఒక్కమంది తలల మీద, నీళ్ల కూలరు బుసబుసా గాలి కొడుతోంది. ఆ హాల్లో ఉన్నది అదొక్కటే.

కొంతమంది కాళ్లకేసి చూసుకున్నారు. పుచ్చకాయావిడ విసనకర్ర దాచింది.

డాన్ ఎవరిస్తో ఈసారి హాలందరితో కాకుండా ఆవిడతోనే మాట్లాడాడు. "నేను తీసుకెళ్తూనే ఉన్నాను కదా, కొమాద్రె. ఒక్క గురువారం కాదన్నానా?"

"ఎప్పుడూ కాదనలేదు. కానీ ప్రతిసారీ నేను అడగాలి. కారున్నన్నాళ్లూ నేను ఎవర్నీ ఏదీ అడగలేదు. పదిహేను నెలలైంది నేను ఆఖరి ఆట ఆడి."

"నాకు చెప్పలేదే?"

"చెబితే అదీ అడిగినట్టే కదండీ."

టైర్లలో గాలి సరిగ్గా ఉందో లేదో ఆయన కొలతతో చూడడు, చెవి పెట్టి వింటాడు. ఇప్పుడూ అలాగే తల పక్కకి వంచి నిలబడ్డాడు. తరవాత గోడ దగ్గరికి నడిచి, స్టూలెక్కి, కూలరు ఆపేశాడు.

"ఇప్పుడు చెప్పండి," అన్నాడు.

అరనిమిషంలో హాలు కుండలా ఉడికింది. అంతటి ఉక్కలో అబద్ధమాడే ఓపిక ఎవరికీ ఉండదు. కాయితాల మీద రాయించారు. కావాలి అరవై. వద్దు యాభై ఏడు. డాన్ ఎవరిస్తో తన కాయితం ఎనిమిది మడతలు పెట్టి వేశాడు. విప్పి చూసిన మేష్టారు ఎంత లంచమిస్తానన్నా నాకు చెప్పలేదు.

చప్పట్లు అయ్యాక అమ్మమ్మ ఇంజినీరుని, మొదటి ట్రామ్ ఎన్నింటికొస్తుందని అడిగింది. ఆయన పటాలు సర్దుకుంటూ, అన్నీ అనుకున్నట్టు జరిగితే ఏడేళ్లు పడుతుందండీ అన్నాడు.

ఆ గురువారం అమ్మమ్మ డాన్ ఎవరిస్తోకి ఫోన్ చెయ్యలేదు. మూడింటికి మంచి గౌను వేసుకుని, చేతిసంచీలో చిక్కుడుగింజల డబ్బా పెట్టుకుని, వెళ్లి నా స్టాపులో కూర్చుంది. నాకు కాళ్లు చల్లబడ్డాయి. మా ఊళ్లో అదంత తేలిగ్గా జరిగే పని కాదు. పరిగెత్తుకెళ్లి, ఇది నేను తమాషాకి పెట్టిన బోర్డు అనీ, పద ఇంటికెళ్దామనీ బతిమాలాను.

"తెలుసురా. నీ అక్షరాలు నాకు తెలీవా."

"ఏడేళ్లు పడుతుందన్నాడు కదా అమ్మమ్మా."

"పట్టనీ. నీడుందిగా," అంది, సంచీ ఇంకొంచెం దగ్గరికి లాక్కుని.

పుచ్చకాయావిడా, ఇంకో పెద్దాయనా అప్పటికే అక్కడున్నారు. నలుగురం రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాం. పావుగంట గడిచింది. ఎదురుగా టైర్ల షాపు షట్టరు కిందికి దిగింది. ట్రక్కు స్టార్టయిన చప్పుడు. అది రోడ్డెక్కి, వీధి చివరిదాకా పోయి, అక్కడ తిరిగి, వెనక్కొచ్చి సరిగ్గా నా బోర్డు పక్కన ఆగింది. ఆ షాపు నుంచి స్టాపుకి ఇరవై అడుగులు. ఆయన అరమైలు తిరిగొచ్చాడు. డాన్ ఎవరిస్తో మమ్మల్ని చూడలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు.

అమ్మమ్మ లేచింది. తలుపు తీసుకుని ఎక్కింది. ఆయన్ని ఏమీ అడగలేదు. ఆయనా ఏమీ అడగలేదు. ఇంతలో పుచ్చకాయావిడ, కాయతో సహా, వెనక తొట్టిలోకి ఎక్కేసింది. పెద్దాయనకి నేను చెయ్యందించాను. పన్నెండేళ్ల నుంచి ఎక్కుతున్నవాళ్లలాగే కూర్చున్నారు.

ఆ రోజు ఏడింటికి హారన్ మోగలేదట. ఎనిమిదిన్నరకి ట్రక్కు వీధి మలుపు తిరగడం నేను మా గుమ్మంలోంచి చూశాను. రెండు లైట్లు వెలుగుతున్నాయి. కుడివైపుది కొత్తది, ఎడమదాన్ని వెక్కిరిస్తున్నంత తెల్లగా ఉంది.

ఆగస్టు కల్లా ట్రక్కు రోజుకి నాలుగుసార్లు స్టాపు దగ్గర ఆగేది. తొట్టి మీద పరదా వేయించారు, బల్లలు వేయించారు. వేళలు రాసిపెట్టమని డాన్ ఎవరిస్తో నాకు బోర్డు పురమాయించాడు. అక్షరాలు మరీ వంకరగా ఉన్నాయని రెండుసార్లు తిరగరాయించాడు. సెప్టెంబరులో పేట వారపత్రికకి ఒక ఉత్తరం వచ్చింది, మూడింటి ట్రామ్ ఈమధ్య మూడూ పదికి గానీ రావడం లేదని. అది రాసింది పుచ్చకాయావిడ. దానికి జవాబుగా ఆయన పై వారం రెండు కాలమ్‌ల వివరణ రాశాడు. ట్రామ్ మీద తన అభిప్రాయం మారలేదనీ, పట్టాలు టైర్లని కోసేస్తాయనీ అందులోనూ రాశాడు.

గురువారాలు ఇప్పుడు ఆయన హారన్ కొట్టడు. హాలు లోపలికొచ్చి, ఖాళీగా నిలబడటమెందుకని ఒక అట్ట తీసుకుని అమ్మమ్మ పక్కన కూర్చుంటాడు. చూపు ఆవిడకి ఆనదు కాబట్టి ఆవిడ బొమ్మలు కూడా ఆయనే చూసి చెబుతాడు. ఒక్కోసారి తన అట్ట మర్చిపోతాడు.

ఆఖరి ఆట మాత్రం అమ్మమ్మ ఇంతవరకూ గెలవలేదు. కంగారేమీ లేదంటుంది. ట్రామ్ రావడానికి ఇంకా ఆరేళ్ల తొమ్మిది నెలలుంది.